ఎదురు కాగితం

మే 9

అప్పీలూ,

నీ పన్నెండో తరగతి ఫలితాలు మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆనందం వస్తే మాటలు మింగేసే రకం కదా అన్నయ్య, సగం అర్థం కాలేదు. మిగతా సగం మీ పిన్ని ఊహించి చెప్పింది. మొత్తానికి మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయట. చిన్నప్పుడు పడుకోమంటే "ఈ తీర్పు ఒప్పుకోను, నాన్నమ్మకి చెప్పుకుంటా" అనేదానివి. అప్పీలు అని నేను పెట్టిన పేరు వృథా పోలేదు.

ఇక అసలు విషయం. మూడేళ్ళ లా కోర్సులో చేరాలంటే ముందు ఒక డిగ్రీ ఉండాలి. ఏ డిగ్రీ అన్నది వాళ్ళు పట్టించుకోరు. మార్కులు చూస్తారు, ఎంట్రన్స్ ర్యాంకు చూస్తారు, ఏ కాలేజీ నుంచి వచ్చావో ఓరకంట చూస్తారు. ఈ మూడోది ఎవరూ పైకి చెప్పరు, సొంత బాబాయిని కాబట్టి నేను చెబుతున్నాను. అందుకని నేను చదివిన పెద్ద కాలేజీలో ఎకనామిక్స్ తీసుకో. ఆ క్యాంటీన్ బెంచీల మీద నాతో టీ పంచుకున్నవాళ్ళలో సగం మంది ఇవాళ జడ్జీలు. మేడ మీద గది ఖాళీ చేయించాను. ఆఫీసు గుమ్మం పక్కన కొత్త ఇత్తడి బోర్డు కూడా పెట్టించాను. నా పేరు కింద ఒక పేరు పట్టేంత చోటు వదిలారు. అది ఎవరికోసమో నీకు చెప్పక్కర్లేదు.

అభ్యంతరం ఉంటే కాగితం మీద రాయి. ఫోన్ చేయొద్దు. ఫోన్లో గొంతు పెద్దదున్నవాళ్ళు గెలుస్తారు, ఆ లెక్కన మన ఇంట్లో ఎప్పుడూ మీ పిన్నే గెలవాలి. అభ్యంతరం లేకపోయినా సరదాకి ఒక ఎదురు కాగితం రాసి పంపు. నీకు సైకిల్ కావాల్సివచ్చినప్పుడు "ఈ పిల్లకి సైకిల్ ఎందుకు కొనకూడదు" అని నీచేతే రాయించాను, గుర్తుందా? ఆఫీసులో జూనియర్లకీ అదే పద్ధతి. ఒక కేసు చేపట్టామంటే ముందు ఎదుటివాళ్ళ తరఫున కాగితం రాయాలి, వాళ్ళకన్నా గట్టిగా రాయాలి. చేపట్టని కేసుకి ఆ శ్రమ అనవసరం. ఒక్కటే నియమం, దాని కింద సంతకం ఉండకూడదు. మనది కాని మాట కింద మన పేరు పెట్టం.

ఈసారి పెద్ద కాలేజీకి ఎదురు రాయి. నీ పదునెంతో చూద్దాం.

ప్రేమతో
బాబాయ్


మే 17

బాబాయ్,

పదును చూస్తానన్నావుగా, చూడు.

నేను పెద్ద కాలేజీలో చేరను. ఎకనామిక్స్ చదవను. మీ ఊళ్ళోనే, వినపడని పిల్లల బడి వెనకాల ఒక కాలేజీ ఉంది. రేకుల షెడ్డు, రెండు గదులు, వాన పడితే పాఠం ఆగదు, ఎందుకంటే అక్కడ ఎవరికీ చప్పుడుతో పనిలేదు. సైగల భాషలో డిగ్రీ ఇస్తారు. యూనివర్సిటీ గుర్తింపు ఉంది, లా కాలేజీలో చెల్లుతుంది, వెళ్ళి కనుక్కున్నాను. ముందు అది చదివి, తర్వాత లా చదువుతాను.

ఎందుకో చెబుతాను. పోయిన వేసవి సెలవుల్లో నీ ఫైళ్ళ సంచీ మోసుకుంటూ కోర్టుకి వచ్చాను కదా. ఆరోజు బోనులోకి ఒక దర్జీ ఆవిడ వచ్చింది. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయి వచ్చింది. ఆవిడకి పుట్టుకతోనే వినపడదు. కుట్టుమిషన్ పెట్టుకున్న ముందుగదిని తమ్ముడి పేర ఇష్టపడి రాసిచ్చిందా, బలవంతంగా రాయించుకున్నారా అన్నది కేసు. నువ్వు ఆ తమ్ముడి తరఫు లాయరువి. ఆవిడ సైగలు కోర్టుకి విప్పి చెప్పడానికి ఎవరిని నిలబెట్టారు? ఆ తమ్ముణ్ణే! "మా అక్క సైగలు నాకు తప్ప ఎవరికీ తెలియవండి" అన్నాడు. అందరూ సరేనన్నారు.

ఆవిడ చేతులు ఎంతసేపు కదిలాయో నువ్వు చూశావు. తలుపు మూసినట్టు చూపించింది. గుండె మీద కొట్టుకుంది. తమ్ముడి వైపు వేలు చూపించి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. అంతా అయ్యాక తమ్ముడు "ఇష్టపడే రాసిచ్చానంటోందండి" అన్నాడు. అంతే! జడ్జిగారు అదే రాయించారు. ఆవిడ లాయరు వాచీ చూసుకుంటున్నాడు. నువ్వు "ఇంకేం ప్రశ్నలు లేవు" అని, కోటు సర్దుకుని కూర్చున్నావు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఇక గెలిచినట్టేనని నాకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టావు. నువ్వు చూడకుండా కారు కిటికీలోంచి పారేశాను. నా మొహం చూసి కడుపునొప్పా అని అడిగావు.

మీ పెద్ద కాలేజీలో ధరలు ఎందుకు పెరుగుతాయో, ఎందుకు తగ్గుతాయో గీతలు గీసి చెబుతారు. చెప్పనీ. ఒక మనిషి నిండు కోర్టులో నిలబడి రెండు చేతులతో మొత్తుకుంటుంటే అర్థం చేసుకోవడం మాత్రం ఎవరూ చెప్పరు. నీకూ చెప్పలేదు. అది రాకుండానే ఇన్నేళ్ళు నల్లకోటు వేసుకుని తిరిగావు.

ఇంతకన్నా రాస్తే మాట తూలుతుంది. ఆపేస్తున్నాను.


మే 24

అప్పీలూ, బంగారూ,

శభాష్! ఇలాంటి ఎదురు కాగితం మా ఆఫీసులో పదేళ్ళుగా ఎవరూ రాయలేదు. జూనియర్లందర్నీ కూర్చోబెట్టి పైకి చదివి వినిపించాను. ఒకడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశార్రా, సంతకం లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే నిజంగా ఆ పిల్ల మనసులో మాటే అనుకునేవాళ్ళం" అన్నాను.

నూటికి తొంభై వేశాను. పది ఎందుకు తగ్గించానంటే చివర్లో కోపం ఎక్కువైంది. జడ్జీలు కోపాన్ని చదవరు, కారణాలు చదువుతారు. ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి వెనక్కి పంపుతున్నాను, భద్రంగా దాచుకో. కానీ ఆ రేకుల షెడ్డు కాలేజీని ఎక్కడ పుట్టించావే! వాన పడితే పాఠం ఆగదనడం భలే ఉంది. ఐస్‌క్రీమ్ పారేయడం కూడా మంచి కల్పన, వినేవాళ్ళ గుండెలో గుచ్చుకుంటుంది. నా పాత కేసుని తీసుకొచ్చి నా మీదకే విసిరావు చూడు, అక్కడ నిజంగా పడిపోయాను.

సంతోషం పట్టలేక మర్నాడే ప్రిన్సిపాల్ని కలిశాను. నాతో చదువుకున్నవాడే. నీ ఎకనామిక్స్ సీటు ఖాయం. గుమాస్తా వెళ్ళి కాగితాలన్నీ ఇచ్చి వచ్చాడు. బోర్డు మీద అక్షరాలు చెక్కే అతను వచ్చే వారం వస్తానన్నాడు. ఇంకా లాయరువి కాకుండా పేరు చెక్కిస్తారా అని మీ పిన్ని దెప్పుతోంది. సరే, ముందు మొదటి అక్షరం ఒక్కటే చెక్కిస్తాను.

గర్వంతో
మీ బాబాయ్


మే 31

గౌరవనీయులైన లాయరుగారికి,

మీరు నూటికి తొంభై వేసిన కాగితం అందింది.

అది ఎదురు కాగితం కాదు. నా మాట. ప్రతి అక్షరం నాదే. కింద సంతకం ఎందుకు లేదంటే, ప్రేమతో అని రాయడానికి ఆ పూట నాకు మనసు రాలేదు. ఉత్తినే పేరు రాస్తే పొడిగా ఉంటుందని అదీ రాయలేదు. కోపంలో మీ ఆఫీసు నియమం నాకు గుర్తులేదు. మీకేమో ఆ నియమం తప్ప ఇంకేదీ గుర్తులేదు. ఏడుస్తూ రాసిన ఉత్తరాన్ని జూనియర్లకి పాఠంలా చదివి వినిపిస్తారా? నాకు కడుపు మండిపోయినచోట "కోపం ఎక్కువైంది" అని ఎర్రగీత పెడతారా? ఆ గీత చూసి కాగితం చింపబోయాను. నాన్న లాక్కుని దాచాడు.

రేకుల షెడ్డు నా కల్పన కాదు. పోయిన నెల మీ ఊరు వచ్చాను. ఆ కాలేజీలో ఒక పూటంతా కూర్చున్నాను. తర్వాత అక్కడి టీచర్ని వెంటబెట్టుకుని ఆ దర్జీ ఆవిడని వెతుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడు ముందుగది తమ్ముడి ఫోన్ల షాపు అయింది. ఆవిడ మెట్ల కింద మిషన్ పెట్టుకుని కుడుతోంది. నిలబడితే తలకి మెట్టు తగులుతుంది. నాకు వచ్చిన నాలుగు సైగలతో మాట్లాడబోతే, ఆవిడ నవ్వి నా వేళ్ళు పట్టుకుని సరిచేసింది.

మీ ఇంటికి రాలేదు. వస్తే అక్కడే అరిచేదాన్ని.

నాన్న తన కళ్ళద్దాల షాపులో కూర్చుని మీ ఉత్తరం, నా ఉత్తరం పక్కపక్కన పెట్టుకుని చదివాడు. అద్దాలు తుడుచుకుంటూ, "మీ ఇద్దరికీ ఒకే పవరు. అందుకే ఒకళ్ళకొకళ్ళు కనపడట్లేదు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ ఎకనామిక్స్ సీటు నన్నడగకుండా తీసుకున్నారు. మీరే వదిలేయించండి. బోర్డు మీద ఒక్క గీత గీయించినా ఊరుకోను.

ఇట్లు
మీ అన్నగారి అమ్మాయి

(ఇది సంతకం. సరిగ్గా చూసుకోండి.)


జూన్ 6

అప్పీలూ,

మీరట, లాయరుగారట! నిన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాణ్ణి నేను. కోర్టులో నా మీద అరిచిన జడ్జీలు కూడా నన్నింత పరాయివాణ్ణి చేసి మాట్లాడలేదు.

ఊళ్ళోకి వచ్చి ఇంటికి రాకుండా వెళ్ళిపోయావా! మీ పిన్నికి ఇది చెప్పి ఉండాల్సింది కాదు. రెండు పూటలుగా ఆవిడ నాతో మాట్లాడట్లేదు. తప్పు నీది, శిక్ష నాకు.

ఎవరు నూరిపోశారో నాకు తెలుసు. ఆ కేసు నేను తీసుకున్నప్పుడే అన్నయ్య మొహం మాడ్చుకున్నాడు. నోరు తెరిచి ఒక్క మాట అనలేక, ఇప్పుడు నిన్ను ముందుకి తోసి వెనక నిలబడ్డాడు. అద్దాల షాపులో కూర్చుని పవరు గురించి జోకులేయడం తేలికే.

ఇప్పుడు కారణాలు విను. ఒకటి, ఆవిడకీ ఒక లాయరున్నాడు. తమ్ముణ్ణి నిలబెట్టినప్పుడు లేచి అడ్డం పడాల్సింది వాడు. వాడు వాచీ చూసుకుంటే నేనేం చెయ్యను? ఎదుటి పక్షం పని కూడా నేనే చేసిపెట్టాలా? రెండోది, కోర్టులో సైగలు చెప్పే మనిషి కావాలంటే పిలిపిస్తారు. అదొక ఉద్యోగం. నువ్వు లాయరువి కావాలనుకుంటున్నావు. ఒకే కేసులో నువ్వే వాదించి, నువ్వే సైగలు విప్పి చెబుతానంటే ఏ కోర్టూ ఒప్పుకోదు. మరి ఆ చదువు దేనికి? మూగవాళ్ళ మీద జాలి ఉంటే ఆదివారాలు వెళ్ళి సేవ చెయ్యి, ఎవరొద్దన్నారు? అసలు సంగతి ఇంకోటుంది. ఆ షెడ్డులో చదివినవాళ్ళని లా కాలేజీలో ఎప్పుడైనా ఎవరైనా చూశారా? గుర్తింపు ఉండటం వేరు, గుర్తుపట్టడం వేరు. నీ మార్కులతో నువ్వు ఎక్కడుండాలి, ఎక్కడికి పోతున్నావు!

సీటు వదలను. చేరితే నా ఇంట్లో ఉండి, నా కాలేజీలో చదివి, నా ఆఫీసుకి రా. లేదంటే బోర్డు మీద ఆ చోటు ఖాళీగా ఉండదు, ఇంకో జూనియరు పేరు ఎక్కుతుంది. నేను అన్నమాట వెనక్కి తీసుకునే మనిషిని కాదు.

బాబాయ్

(సంతకం పెట్టాను. నీకంటే పెద్దగా.)


జూన్ 12

బాబాయ్,

నాన్ననెందుకు అంటావు? నువ్వన్న మాటలు చదివి నాన్న షాపు షట్టరు సగం దించుకుని లోపల కూర్చున్నాడు. నీకు తెలియని సంగతొకటి చెప్పనా? నాన్న మొదటినుంచీ నీ పక్షమే. "బాబాయి దగ్గరుంటే నాకు బెంగ లేదు, పెద్ద కాలేజీలో చేరమ్మా" అని నన్ను బతిమాలుతున్నాడు. ఆ కేసు తీసుకున్నప్పుడు మొహం మాడ్చుకున్నది నీమీద కోపంతో కాదు, ఆరోజు పంటినొప్పి. కావాలంటే డాక్టర్నడుగు. నిన్ను వెనకేసుకొచ్చే మనిషి ఆయనొక్కడే, ఆయన్నీ పోగొట్టుకుంటున్నావు.

పిన్నికి నేను చెప్పుకుంటాను. పిన్ని విషయంలో తప్పు నాదే.

ఇక నీ కారణాలు. వాళ్ళు మూగవాళ్ళు కాదు. నీకంటే నాకంటే ఎక్కువ మాట్లాడతారు. మనకి వినపడట్లేదు, అంతే. మాట్లాడేవాళ్ళని మూగవాళ్ళనడం మానెయ్యి.

నేను కోర్టులో సైగలు విప్పి చెప్పడానికి కాదు ఇది చదవాలనుకునేది. చెప్పేవాడు అబద్ధం చెబుతుంటే తెలియడానికి. తెలిసిన మరుక్షణం లేచి "అభ్యంతరం" అనడానికి. ఆరోజు ఆ గదిలో నల్లకోటు వేసుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు! ఒక్కరికి ఆ భాష వచ్చినా చాలేది.

ఎదుటి పక్షం పని నేనెందుకు చెయ్యాలంటావా? నువ్వా ఈ మాట అనేది? నీ ఆఫీసు నడిచేదే దాని మీద కదా! ఏ కేసుకైనా ముందు ఎదుటివాళ్ళ తరఫున కాగితం రాస్తావు. ఆ కేసుకి కూడా రాసే ఉంటావు. చెప్పు బాబాయ్, దాంట్లో ఏం రాశావు? ఆవిడ ఏమంటోందో నీకు తెలియదు. అడగలేదు. తమ్ముడు చెప్పిందే నీకు తెలుసు. మరి ఆవిడ తరఫున ఏ మొహంతో రాశావు? పద్ధతి పద్ధతి అని సైకిల్ కావాలన్న పసిపిల్లచేత కూడా రాయించావే, ఆ ఒక్కచోట నీ పద్ధతి ఏమైపోయింది?

ఆరోజు బోనులో ఏం చెప్పిందో ఆవిడ నాకు మొత్తం చెప్పింది. మెట్ల కింద, మిషన్ ఆపి, అదే సైగలతో, అదే వరసలో. నాకు రానివి టీచరు విప్పి చెప్పింది. నేను నీకు చెప్పను. నువ్వు అడిగి తెలుసుకోవాల్సింది, నేను చెబితే ఊరికే వచ్చినట్టవుతుంది.

సోమవారం ఆ షెడ్డులో చేరుతున్నాను. హాస్టల్లో ఉంటాను. నీ మేడ మీద గది నీకే ఉండనీ.

ఒక్కటి మాత్రం నిజం రాస్తున్నాను. నాకు లాయరునవ్వాలని ఉంది, అది నీ దగ్గరే నేర్చుకోవాలని ఉంది. వేరేవాళ్ళ దగ్గర నేర్చుకోవడం నాకు ఇష్టం లేదు. నిన్ను ఇంతలా తిడుతున్నది కూడా నీ దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే. నువ్వు నన్ను వదిలేస్తే నాకు ఏడుపొస్తుంది. అయినా అక్కడే చేరతాను.

చేతనైతే నా మీద ఒక కాగితం రాయి. నేను ఆ షెడ్డులో ఎందుకు చేరకూడదో నీకు వచ్చినంత గట్టిగా రాయి. కింద సంతకం పెట్టి పంపావంటే అది నీ సొంత మాటని తెలుసుకుంటాను. మళ్ళీ ఉత్తరం రాయను, బోర్డు మీద ఎవరి పేరైనా చెక్కించుకో. నేను మాత్రం కవరు చించగానే ముందు కాగితం అడుగున చూస్తాను.

ఇట్లు
ఎంత కోపమొచ్చినా నీ
అప్పీలు


జూన్ 20

రేకుల షెడ్డులో చేరిన అమ్మాయికి,

నువ్వు చేసింది శుద్ధ తెలివితక్కువ పని. పెద్దలు అమర్చిపెట్టిన సీటు కాలదన్ని, ఊరూ పేరూ లేని కాలేజీలో కూర్చున్నావు. నీతో చదివినవాళ్ళంతా పెద్ద కాలేజీ మెట్ల మీద ఫోటోలు దిగుతుంటే, నువ్వు గాలిలో చేతులు ఊపుకుంటూ ఉంటావు. రేపు ఇంటర్వ్యూలో "ఏం చదివావమ్మా" అని అడిగినప్పుడు బల్ల అవతలివాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. అప్పుడు నీ పొగరు దిగుతుంది.

కోర్టులో సాక్షి ఏం చెప్పిందన్నది ముఖ్యం కాదు. రికార్డులో ఏం రాశారన్నదే ముఖ్యం. చెప్పినదానికీ రాసినదానికీ మధ్య ఎంత తేడా ఉన్నా, పై కోర్టుకి ఎవరూ వెళ్ళనంతకాలం ఆ తేడా లేనట్టే. ఇది తెలియనివాళ్ళు లాయర్లు కాకుండా ఉండటమే మంచిది.

ఎదుటివాళ్ళ మాట తెలియకుండా వాళ్ళ తరఫున కాగితం రాయడం ఎలా అని ఎవరైనా అడగొచ్చు. చాలా తేలిక. తెలిసినట్టు రాస్తే సరిపోతుంది. పాత ఫైలు తీసి చూస్తే అలా రాసిన కాగితం ఒకటి చక్కగా కుట్టి ఉంటుంది. భాష బాగుంటుంది, దస్తూరీ బాగుంటుంది. ఆవిడ మాట ఒక్కటీ ఉండదు. అయితే ఏమైంది? దాన్ని చదివినవాళ్ళెవరూ ఇంతవరకూ అభ్యంతరం చెప్పలేదు.

ఇంకా వాదిస్తాను, విను. ఒక లాయరు నల్లకోటు చంక కింద కుట్టు ఊడింది. పని కట్టుకుని ఊరవతల ఒక మెట్ల కిందకి వెళ్ళాడనుకో. కోటు తీసి చూపించాడు. ఆవిడ అతన్ని గుర్తుపట్టింది. చాలాసేపు చేతులతో ఏదో చెప్పింది. అతను తలకి మెట్టు తగులుతున్నా కదలకుండా నిలబడి చూశాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. తిరిగి అడుగుదామంటే ఎలా అడగాలో తెలియలేదు. ఆవిడ ఊరుకుని కోటు కుట్టి ఇచ్చింది. అతను ఇంటికి వచ్చేశాడు. ఏం నష్టం జరిగింది? కోటు బాగుపడింది కదా. లాయరుకీ దర్జీకీ మధ్య ఇంతకన్నా మాటలేముంటాయి? దానికోసం ఒక పిల్ల మూడేళ్ళు చదవాలా?

అందుచేత ఆ అమ్మాయి వెంటనే ఆ షెడ్డులోంచి బయటికి రావాలనీ, ఆమె వాదన పూర్తిగా కొట్టెయ్యాలనీ గట్టిగా కోరడమైనది.


చిట్టితల్లీ, నేను మీ పిన్నిని. ఇంటికి రాకుండా పోయిన సంగతి నీతో తర్వాత తేల్చుకుంటాను, అది వదిలేది లేదు. పై కాగితం మీ బాబాయి బల్ల మీద పెట్టి, కవరు మీద నీ హాస్టల్ అడ్రసు రాసి, పోస్టు చెయ్యమని చెప్పి కోర్టుకి వెళ్ళిపోయారు. అతికించబోతూ చూస్తే చివర సంతకం లేదు. కోపంలో మర్చిపోయారేమోనని ఫోన్ చేసి అడిగాను. "మర్చిపోలేదు, అలాగే పంపు" అని కసురుకుని ఫోన్ పెట్టేశారు.